బడిలో గురువు, షెడ్డులో ఉస్తాద్

ప్రొద్దుటూరులో ఏ మోటార్‌సైకిల్ మరమ్మతు షెడ్డు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఉస్తాద్ బండి కింద కూర్చొని చేయి చాచుతాడు. నోరు తెరిచి ఏమీ అడగడు. పద్నాలుగేళ్ల కుర్రవాడు, అందరూ ‘చోటూ’ అని పిలిచేవాడు, ఆ చేతిలో సరిగ్గా కావలసిన పానానే పెడతాడు. ఏ నట్టుకు ఏ పానా పడుతుందో వాడికి కంటితోనే తెలుసు. కాని ఆ పానా మీద చెక్కిన అంకె దేనికి కొలతో వాడికి తెలియదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన వాడికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

అదే వీధికి చెందిన మరో పిల్లవాడు బడిలో వృత్తి విద్య చదువుతుంటాడు. ఇంజిన్‌లోని నాలుగు ఘట్టాల పేర్లను తడుముకోకుండా అప్పజెప్పగలడు. రంగు పెన్సిళ్లతో పిస్టన్ బొమ్మను అందంగా గీయగలడు. ఇంజిన్ మూత విప్పడం మాత్రం ఎన్నడూ చూడలేదు. అందుకు వాడిని తప్పుపట్టలేము. వాడికి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు సైతం ఆ మూతను విప్పి ఎరుగడు.

ఒకరికి చేయి ఉంది, అక్షరం లేదు. మరొకరికి అక్షరం ఉంది, చేయి లేదు. ఇద్దరూ మన బిడ్డలే. మైనారిటీల విద్య గురించి మనం ఎన్నో ఏళ్లుగా ఉపకార వేతనాలు, రిజర్వేషన్లు, ఉర్దూ పోస్టుల భర్తీ అని మాట్లాడుతున్నాం. అవన్నీ అవసరమైన పోరాటాలే. అయితే ఆ జాబితాలో ఎన్నడూ చోటు దొరకని డిమాండ్ ఒకటుంది. వృత్తి విద్య బోధించే ఉపాధ్యాయునికి చేతితో పని నేర్పే శిక్షణ, అతడు పనిచేసే చోటికి దగ్గరలో, అతడికి వచ్చిన భాషలో, ప్రతి ఏడూ అందాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల ముస్లిం కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట బడిలో ఉన్న ఏర్పాటు ఏమిటో చూద్దాం. జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని కేంద్రం 2013 డిసెంబరులో ప్రకటించింది. దాని ఆధారంగా సమగ్ర శిక్ష పథకం కింద తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్, ఐటీ, వ్యవసాయం, కుట్టుపని వంటి విభాగాలలో వృత్తి విద్యను ప్రవేశపెడుతున్నారు. పాఠ్యపుస్తకాలు భోపాల్‌లోని పండిత్ సుందర్‌లాల్ శర్మ కేంద్రీయ వృత్తి విద్యా సంస్థలో తయారవుతాయి. పుస్తకాలు మంచివే. చిక్కంతా ఆ పుస్తకాన్ని చేతబట్టుకొని తరగతి గదిలో నిలబడే మనిషి దగ్గర ఉంది. అతడిని సాధారణంగా ఏజెన్సీ ద్వారా తీసుకుంటారు. రెగ్యులర్ ఉపాధ్యాయుల జాబితాలో అతడి పేరుండదు. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. శిక్షణ గురించి అడిగితే ఏజెన్సీ శాఖ వైపు, శాఖ ఏజెన్సీ వైపు చూపుతాయి. ఇద్దరి మధ్య నష్టపోయేది పిల్లవాడు.

శిక్షణలే జరగడం లేదని అనను. జరుగుతున్న తీరు గురించే నా ఆవేదన. కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలో వృత్తి విద్యా ఉపాధ్యాయులకు ఏర్పాటైన మూడు రోజుల శిక్షణను దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. హాలు నిండా కుర్చీలు, ఎదురుగా తెర, తెర మీద అక్షరాలు. మొదటి పూట ప్రారంభోత్సవానికే సరిపోయింది. తర్వాత వచ్చిన వక్త నైపుణ్యం ఎంత గొప్పదో రెండు గంటలు చెప్పారు. గది మూలన సీలు తీయని పనిముట్ల పెట్టెలు నాలుగు ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం ధ్రువపత్రాలు పంచేటప్పుడు కూడా అవి అలాగే ఉన్నాయి. తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడట. నా పక్కన కూర్చున్న ఉపాధ్యాయురాలు నెమ్మదిగా అడిగింది: “అన్నా, ఆ మల్టీమీటర్ ఒక్కసారి చేతికిస్తే చాలు కదా, మిగతాది పుస్తకంలో ఉంది కదా?” ఆమె ప్రశ్నకు ఆ హాలులో సమాధానం ఇవ్వగలవారు లేకపోయారు.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి శిక్షణ పొందాలని చెబుతోంది. 2025 నాటికి విద్యార్థుల్లో కనీసం సగం మందికి వృత్తి విద్య పరిచయం కావాలన్న లక్ష్యాన్నీ పెట్టుకుంది. ఆ గడువు తీరిపోయింది. 50 గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున సుమారు ఎనిమిది రోజులు. ఏడాదిలో ఎనిమిది రోజులు ఉపాధ్యాయుడు పనిముట్లతో గడిపితే మూడేళ్లలో బడి రూపమే మారిపోతుంది. కాని ఆ గంటలను ఎక్కువగా ఫోన్‌లో వీడియోలు చూసి, ప్రశ్నలకు బటన్లు నొక్కి పూర్తి చేయవచ్చు. గణితం, భాష బోధించేవారికి దాని వల్ల కొంత మేలు జరగవచ్చు. వెల్డింగ్ వీడియో చూసి వెల్డింగ్ నేర్పగలవాడు లోకంలో లేడు.

ఇది ఇప్పుడే ఎందుకు అంత అత్యవసరమైంది? మనవారు తరతరాలుగా చేస్తున్న పనులన్నీ గత కొద్ది సంవత్సరాల్లో లోలోపల మారిపోయాయి. దీన్ని కొంత వివరంగా చెప్పాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అంతవరకు మోటార్‌సైకిల్ గుండెకాయ కార్బురేటర్. ఉస్తాద్ చెవి ఒగ్గి ఇంజిన్ చప్పుడు విని, చిన్న స్క్రూను పావు వంతు తిప్పి బండిని దారికి తెచ్చేవాడు. అది నిజంగా గొప్ప విద్య. ఇప్పుడు చాలావరకు కొత్త బండ్లలో ఆ స్క్రూ లేదు. ఇంధనాన్ని ఇంజెక్టర్ పిచికారీ చేస్తుంది. ఎంత చేయాలో చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. బండికి జబ్బు చేస్తే మీటర్‌లో పసుపు దీపం వెలుగుతుంది. ఆ జబ్బు పేరు స్కానర్ తగిలిస్తేగాని తెలియదు, తెలిసినా అది ఇంగ్లీషు అక్షరాలు, అంకెల కోడ్ రూపంలో ఉంటుంది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఉస్తాద్ ఆ కోడ్ ముందు నిరక్షరాస్యుడైపోతాడు. బండి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లిపోతుంది. షెడ్డు ఆదాయం తగ్గిపోతుంది. చోటూకు మిగిలేది పంక్చర్లు వేయడం, బండ్లు కడగడం.

ఏసీలు, ఫ్రిజ్‌ల సంగతి ఇంకా ప్రమాదకరమైనది. పాత ఏసీలలో వాడిన ఆర్-22 వాయువు మండేది కాదు. ఓజోన్ పొరకు హాని చేస్తుందని దాన్ని క్రమంగా తొలగిస్తున్నారు. కొత్త ఏసీలలో ఎక్కువగా ఉంటున్న ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. కొత్త ఫ్రిజ్‌లలోని ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టమే. పాత అలవాటుతో గ్యాస్ పూర్తిగా తీయకుండా, గొట్టంలో నైట్రోజన్ పంపి శుభ్రపరచకుండా అతుకు వేయడానికి మంట పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఈ తేడాను బడిలోనే నేర్పాలి. నేర్పాలంటే ముందు ఉపాధ్యాయుడు ఆ సిలిండర్‌ను, ఆ గేజ్‌ను తన చేతులతో పట్టుకొని ఉండాలి. ఏసీ పనికి గల్ఫ్‌కు వెళ్లే యువకులు కడప జిల్లాలో ఊరూరా ఉన్నారు. వారి ప్రాణానికి సంబంధించిన విషయమిది.

జమ్మలమడుగు పక్కనే మైలవరం మండలంలో 1000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన సౌర విద్యుత్ పార్కు ఉంది. 2024లో ఇళ్ల పైకప్పులపై సౌర ఫలకాల కోసం కేంద్రం పీఎం సూర్యఘర్ పథకాన్ని మొదలుపెట్టింది. వైరింగ్ పని తెలిసినవాడికి ఇది కూడా వైరింగే కదా అనిపిస్తుంది. కాదు. ఇంట్లో కరెంటు పని చేసేటప్పుడు మెయిన్ ఆపేస్తాం. సౌర ఫలకానికి మెయిన్ లేదు, వెలుతురు పడుతున్నంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. పది ఫలకాలు వరుసగా కలిపితే నాలుగు వందల వోల్టుల వరకు చేరుతుంది. అది డీసీ కరెంటు. నడుస్తుండగా జోడింపును లాగితే తెగని నిప్పు వంతెన ఏర్పడుతుంది. ఈ ఒక్క వాక్యాన్ని పుస్తకంలో చదివినవాడికీ, కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించి సరైన క్రమంలో స్విచ్ ఆపి జోడింపు విప్పినవాడికీ మధ్య ఉన్న తేడాయే నేను చెబుతున్న వర్క్‌షాపు.

ప్రొద్దుటూరు బంగారం గురించి కడప జిల్లా వాసులకు నేను చెప్పవలసింది లేదు. రెండో ముంబయి అని పేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగకు ఆరు అక్షరాల, అంకెల ప్రత్యేక గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. డిజైన్ కంప్యూటర్ తెరమీద పుడుతోంది, అతుకు లేజర్ వేస్తోంది. కేడీఎం అని గర్వంగా చెప్పుకున్న అతుకులో కాడ్మియం ఉంటుందని, దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుందని కుంపటి ముందు కూర్చునే కుర్రవాళ్లలో ఎందరికి తెలుసు? మన ఆడబిడ్డలు ఇళ్లలో చేసే మగ్గం వర్క్ విషయమూ ఇంతే. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఒక పూటలో చేసేదానికి చేతిపని పోటీ పడలేదు. డిజైన్ వేయగలిగిన, ధర లెక్కగట్టగలిగిన, కొనేవారితో నేరుగా మాట్లాడగలిగిన పనివారికే భవిష్యత్తు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది న్యాయమైనదే, దాటవేయను. “మా పిల్లలను డాక్టర్లు, ఇంజనీర్లు చేయమంటే మీరు మళ్లీ పానా పట్టమంటారా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. సామాజిక మాధ్యమాల్లో మన సముదాయాన్ని ‘పంక్చర్‌వాలా’ అని ఎద్దేవా చేసేవారి మాటలు వారి చెవుల్లో మోగుతూనే ఉంటాయి. ఆ వెక్కిరింపు మన శ్రమను మాత్రమే కాదు, శ్రమించే ప్రతి మనిషినీ అవమానిస్తోంది. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం కోసం ఇనుమును మెత్తబరచి, కవచాల తయారీ నేర్పినట్లు ఖుర్ఆన్ చెబుతోంది. రాజ్యాధికారం ఉన్న ప్రవక్త చేతిపనితో బతికిన చరిత్ర గల ఉమ్మత్‌కు పానా పట్టడం సిగ్గు కాజాలదు. అయితే ఈ మాట చెప్పి ఊరుకోవడం కూడా మోసమే. శ్రమ గౌరవప్రదమైనదని పేదవాడికి ప్రవచనం చెప్పి, మన పిల్లలను మాత్రం కార్పొరేట్ కళాశాలకు పంపేవారు మనలోనూ ఉన్నారు.

అసలు తేడా ఎక్కడుందంటే, షెడ్డులో నేర్చుకున్న పనికి ముందు దారి లేదు. పదిహేనేళ్లకు చోటూ, నలభై ఏళ్లకు ఉస్తాద్, అరవై ఏళ్లకు నడుము నొప్పి. అదే పనిని బడిలో సరిగా నేర్చుకుంటే పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు వెళ్లవచ్చు, ఐటీఐ చేయవచ్చు, డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ పది పాసైనవారినే ఆరేళ్ల చదువుకు చేర్చుకుంటుంది. బీసీ-ఈ కింద మనకున్న నాలుగు శాతం రిజర్వేషన్ ఇలాంటి ప్రవేశాల్లో వర్తిస్తుంది. పిల్లవాడికి ఈ మెట్లన్నీ చూపించవలసింది కెరీర్ మార్గదర్శి అని పేరు పెట్టుకున్న ఉపాధ్యాయుడే. అతడు ఒక్కసారైనా పాలిటెక్నిక్ ప్రయోగశాల గడప తొక్కకపోతే ఏం చూపించగలడు? చాలా బడుల్లో కెరీర్ మార్గదర్శకం అంటే గోడకు అతికించిన రంగుల చార్టు, అంతే.

సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక ముస్లింలలో స్వయం ఉపాధిపై, చేతివృత్తులపై ఆధారపడినవారు ఎక్కువని, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో చెప్పింది. దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. నయీ మంజిల్, సీఖో ఔర్ కమావ్, ఉస్తాద్ అని మైనారిటీ యువతకు నైపుణ్య పథకాలు వచ్చాయి, తర్వాత వాటిని పీఎం వికాస్ అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాలను 2022లో నిలిపివేశారు. పథకాల పేర్లు మారుతూ ఉంటాయి. వాటన్నిటి లెక్కా శిక్షణ పొందిన యువకుల తలకాయల లెక్కే. వారికి నేర్పినవాడికి నేర్పింది ఎవరన్న ప్రశ్న ఆ పత్రాల్లో కనబడదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. దీన్ని అడిగి, జవాబు కూడా ఇచ్చినవాడు మనవాడే. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలుపుతో జరిగిన విద్యా సదస్సు, మాతృభాషలో చేతిపని కేంద్రంగా ఏడేళ్ల ఉచిత, నిర్బంధ విద్య ఉండాలని తీర్మానించింది. దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసే సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుసేన్. హైదరాబాదులో 1897లో పుట్టి, అప్పటికి జామియా మిల్లియా ఇస్లామియాను నడుపుతున్న విద్యావేత్త. ముస్లిం లీగ్ ఆ పథకాన్ని తీవ్రంగా విమర్శించింది, దాని పాఠ్యాంశాలపై మన వారికి అనుమానాలూ ఉన్నాయి. ఆ వాదవివాదాల సంగతి ఎలా ఉన్నా, జాకిర్ హుసేన్ ఒక విషయాన్ని స్పష్టంగా గుర్తించారు. చేతిపనితో పాఠం చెప్పాలంటే అలా చెప్పగల ఉపాధ్యాయులు ఆకాశం నుంచి ఊడిపడరు. అందుకే 1938లోనే జామియాలో ఉపాధ్యాయుల కోసం ఒక బడి తెరిచారు. దానికి పెట్టిన పేరు ‘ఉస్తాదోం కా మద్రసా’. ఎంత సూటి పేరు! ఉస్తాద్ కూడా విద్యార్థిగా కూర్చోవాలన్నది ఆ పేరులోనే ఉంది. రాట్నం, వడ్రంగం, తోటపని నేర్పేవాడు ముందు తాను నేర్చుకోవాలి.

తర్వాత కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది, ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజోపయోగ ఉత్పాదక కార్యం’ అంది. ప్రతిసారీ పేరు మారింది, పీరియడ్ మాత్రం లెక్కల సారు తీసుకున్నాడు.

ఇక మన ప్రాంతంలో ఏముందో చూద్దాం. ఏమీ లేదనుకోవడం మనకు అలవాటు. నిజానికి చాలా ఉంది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి అభివృద్ధి కేంద్రం 2006 నుంచి పనిచేస్తోంది. ఉర్దూ ఉపాధ్యాయులకు శిక్షణలు ఇవ్వడమే దాని పని. అదే విశ్వవిద్యాలయం 2018లో కడపలో పాలిటెక్నిక్ ప్రారంభించింది. ఉర్దూ నేపథ్యమున్న పిల్లలకు డిప్లొమా ఇచ్చే సంస్థ మన జిల్లా కేంద్రంలోనే ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు వైపు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. యంత్రాలు, ప్రయోగశాలలు, ఇంజనీర్లు, ఉర్దూలో శిక్షణ ఇచ్చే వ్యవస్థ అన్నీ ఉన్నాయి. వేసవిలో ఆ ప్రయోగశాలల్లో చాలావాటికి తాళాలు వేసి ఉంటాయి. వీటన్నిటినీ ఒక బడి ఉపాధ్యాయుడితో కలిపే దారం మాత్రం లేదు.

శిక్షణ దగ్గరలోనే జరగాలని ఎందుకు పట్టుబడుతున్నానో వేరుగా చెప్పాలి. విజయవాడలోనో, హైదరాబాదులోనో, భోపాల్‌లోనో ఐదు రోజుల శిక్షణ అంటే మన ఉపాధ్యాయినులలో చాలామంది మొదటి మెట్టులోనే ఆగిపోతారు. చంటిబిడ్డ ఉంటుంది, అత్తమామలు ఉంటారు, రాత్రి బస ఎక్కడో తెలియదు, భర్త వెంట రావడానికి సెలవు దొరకదు. వెళ్లలేకపోతే ‘ఆసక్తి లేదు’ అని రికార్డులో రాస్తారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాదాపు ఇరవై కిలోమీటర్లే. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. మూడు పట్టణాల్లో వంతులవారీగా రెండేసి రోజుల వర్క్‌షాపు పెడితే ఎవరూ ఇల్లు విడిచి రాత్రి ఉండనవసరం లేదు. రమజాన్ మాసం తప్పించాలి, శుక్రవారం నమాజుకు వేళ ఉంచాలి, పిల్లలను చూసుకునే గది ఒకటి కేటాయించాలి. ఇవి ప్రత్యేక రాయితీలు కావు. ఎవరి కోసం పెడుతున్నామో వారు రాగలిగేలా పెట్టడం అన్నది ఇంగితజ్ఞానం.

భాష సంగతి కూడా ఇంతే. 2022లో సవరించిన చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. కాగితం మీద వచ్చిన ఆ హోదా ఎర్తింగ్‌ను, షార్ట్ సర్క్యూట్‌ను పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పే ఒక చిన్న చేతి పుస్తకంగానైనా మారాలి. మన షెడ్లలో మాట్లాడే భాష స్వచ్ఛమైన ఉర్దూ కాదు, తెలుగూ కాదు, రాయలసీమ దక్కనీ. పనిముట్ల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. శిక్షకుడు ఆ పేర్లను ఎగతాళి చేయకుండా వాటి పక్కన పుస్తకంలోని పేరును నిలబెట్టగలిగితే సగం బోధన అయిపోయినట్లే.

నా అసలు ప్రతిపాదన ఇక్కడే ఉంది. ఈ వర్క్‌షాపుల్లో నేర్పవలసినవారు కళాశాల అధ్యాపకులు ఒక్కరే కాకూడదు. మన షెడ్లలోని ఉస్తాద్‌లను కూడా పిలవాలి. స్థానిక చేతివృత్తుల నిపుణులను ‘మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లు’గా బడులలో నియమించుకోవచ్చని అదే జాతీయ విద్యావిధానం అంటోంది. అంటే దారి ఉంది, నడిచేవారు లేరు. పదో తరగతి కూడా దాటని ఉస్తాద్ పట్టా ఉన్న ఉపాధ్యాయులకు క్లచ్ ప్లేట్లు విప్పి చూపిస్తున్న దృశ్యాన్ని ఊహించండి. ఉపాధ్యాయురాలు విప్పుతుంది, తప్పు చేస్తుంది, మళ్లీ బిగిస్తుంది. చేతులకు నూనె అంటుకుంటుంది. మధ్యాహ్నం తర్వాత వరస మారుతుంది. స్కానర్‌లో వచ్చిన కోడ్‌ను చదవడం, కంపెనీ మాన్యువల్‌లో దాని అర్థం వెతకడం, బిల్లు రాయడం, ఖాతాదారుకు జీఎస్‌టీ వివరించడం ఉపాధ్యాయులు ఉస్తాద్‌కు చూపిస్తారు. ఒకే బల్ల మీద ఇద్దరికీ లోటు తీరుతుంది.

ఉస్తాద్ ఉచితంగా రావాలని ఆశించకూడదు. రోజు కూలీ పోగొట్టుకొని వచ్చేవాడికి శాలువా కప్పి పంపితే రెండోసారి రాడు. ప్రొఫెసర్‌కు ఇచ్చే గౌరవ వేతనమే అతడికీ ఇవ్వాలి. 2015 నుంచి ఉన్న ‘పూర్వ అభ్యసన గుర్తింపు’ పద్ధతి ద్వారా అతడి అనుభవానికి ధ్రువపత్రం ఇప్పించాలి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. కంసాలి, దర్జీ, వడ్రంగి, కమ్మరి ఉన్నారు. మోటార్‌సైకిల్ మెకానిక్, ఏసీ మెకానిక్ లేరు. మనవారు ఎక్కువగా స్థిరపడిన పనులే ఆ జాబితా బయట ఉండిపోయాయి. కాబట్టి మెకానిక్ ఉస్తాద్‌కు ఈ గుర్తింపు మరీ ముఖ్యం.

వర్క్‌షాపు ఎలా ఉండాలన్నదానికి నాకు ఒకటే కొలబద్ద. ఇద్దరికి ఒక పనిముట్ల పెట్టె. ఉపన్యాసం అరగంట మించకూడదు. సాయంత్రానికి ప్రతి ఉపాధ్యాయుడూ తన చేతులతో చేసిన వస్తువు ఒకటి ఉండాలి. అది వెలిగే బల్బు కావచ్చు, అతుకు పెట్టిన తీగ కావచ్చు, కుట్టిన జేబు కావచ్చు. దాన్ని బడికి తీసుకెళ్లి పిల్లలతో మళ్లీ చేయించాలి. నెల తర్వాత శిక్షకుడు ఆ బడికి వెళ్లి చూడాలి. ఈ చివరిది లేకపోతే ముందువన్నీ ఒక రోజు పిక్నిక్‌గా మిగిలిపోతాయి.

ఖర్చు పెద్దదా? అటల్ టింకరింగ్ ల్యాబ్ కింద ఎంపికైన ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో మరో 50,000 ల్యాబ్‌లు ప్రకటించారు. ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంటుంది, దాన్ని నడిపేవాడికి భయం ఉంటుంది. పాడైతే జీతంలో కోస్తారేమోనని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. లక్షల విలువైన యంత్రాన్ని కొన్నవారు దాన్ని ముట్టుకునే ధైర్యం ఇవ్వడానికి వేలు ఖర్చు పెట్టకపోవడం ఏ లెక్క?

మన వంతు కూడా ఉంది. రాజ్యాంగంలోని 30వ అధికరణ మనకు విద్యాసంస్థలు నెలకొల్పుకొనే, నడుపుకొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతో పెట్టుకున్న మైనారిటీ పాఠశాలలు ఎన్నింటిలో ఒక్క పనిబల్ల ఉంది? ప్రతి ఏడాది నవంబరు 11న మౌలానా ఆజాద్ జయంతి సభలకు, ప్రతిభా పురస్కారాల షీల్డులకు, ఫ్లెక్సీలకు మన సంఘాలు పెట్టే ఖర్చులో సగంతో ఒక పట్టణానికి సరిపడా మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్‌లు వస్తాయి. ఫ్లెక్సీ మర్నాటికి ఎవరి గుడిసె మీద కప్పుగానో మారుతుంది (అదైనా ఉపయోగమే అనుకోండి). మస్జిద్ కమిటీల్లోని పెద్దల్లో ఎలక్ట్రికల్ దుకాణదారులు, గ్యారేజీ యజమానులు ఉన్నారు. తమ అంగడిని ఆదివారం రెండు గంటలు నలుగురు ఉపాధ్యాయులకు తెరిచి ఉంచమని వారిని అడిగామా? నేను అడిగిన ఇద్దరూ కాదనలేదు. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు గనుక ఇవ్వలేదన్నారు.

ప్రభుత్వం నుంచి రావలసినదాన్ని మాత్రం దానంగా కాక హక్కుగానే అడగాలి. అడగడానికి ముందు లెక్కలు చేతిలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వవచ్చు. మండల స్థాయి కార్యాలయానికైతే ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండలాల ప్రభుత్వ, ఉర్దూ పాఠశాలల్లో వృత్తి విద్య బోధించేవారు ఎందరు, వారిలో మహిళలు ఎందరు? గత మూడు విద్యా సంవత్సరాల్లో వారిలో ఒక్కొక్కరికి ఎన్ని గంటల శిక్షణ ఇచ్చారు, అందులో పనిముట్లతో చేయించినది ఎన్ని గంటలు, అది ఏ భాషలో జరిగింది? ఆ బడుల ప్రయోగశాలలకు ఏటా ముడిసరుకు కోసం ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది? ఈ మూడు ప్రశ్నలు చాలు. వచ్చే వేసవి సెలవుల శిక్షణ ప్రణాళిక ఖరారయ్యేలోపు జవాబులు చేతికి రావాలంటే దరఖాస్తులు ఈ శీతాకాలంలోనే పడాలి. మూడు పట్టణాల నుంచి వేర్వేరుగా వేయండి. వచ్చిన జవాబుల నకళ్లు ఈ పత్రికకు పంపితే పక్కపక్కన పెట్టి ప్రచురిద్దాం.